కొట్టంలో పెంచి, గంజులో ఉడికించి: రోగనిరోధక శక్తి కోసం పుట్టగొడుగులను వాడే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

మా అత్తమ్మకు గుండెలో స్టెంటు వేసి ఆరేళ్లయింది. రెండేళ్ల కింద ఒకనాడు పొద్దున పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి నెత్తురు ఎంతకీ ఆగలేదు. డాక్టరు చీటీలన్నీ తిరగేసి, "ఇవి గాక ఇంకేమన్న వేసుకుంటున్నరా అమ్మా?" అని అడిగిండు. అప్పుడు బయటపడ్డది గానోడెర్మా అనే చెక్క పుట్టగొడుగు గోలీల సీసా. తెలిసినాయన ఒకాయన ఇంటికొచ్చి ఇమ్యూనిటీ పెరుగుతదని అంటగట్టి పోయిండట. "పుట్టగొడుగే కద, కూరగాయ లెక్కనే" అనుకొని రెండు నెలలు మింగింది. రక్తం పలచబడే మందుతో పాటు అది కూడా.

అదే ఇంటి వెనక కొట్టంలో మేము ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచుతుంటే, వాటిని మాత్రం "నాకు పడవు" అని ముట్టేది కాదు. సీసాలో ఉంటే మందు, గంజులో ఉంటే కూర. ఈ రెండింటి నడుమ ఉన్న గందరగోళాన్ని విప్పుదామని ఇది రాస్తున్న. ముందు కూర దిక్కే పోదాం. సీసా సంగతి తర్వాత.

ఒంట్లోకి పోయినాక ఏం జరుగుతుంది

పుట్టగొడుగు కణాల గోడ రెండు పదార్థాలతో కట్టి ఉంటుంది. ఒకటి కైటిన్, రొయ్య పెంకులో ఉండేదే. రెండోది బీటా-గ్లూకాన్, చక్కెర రేణువులు పొడుగ్గా అల్లుకున్న గొలుసు. మన ఒంట్లో బీటా-గ్లూకాన్ తయారు కాదు. అందుకే అది కనబడగానే తెల్ల రక్తకణాలకు బయటి సరుకని తెలిసిపోతుంది. ఆ కణాల మీద దాన్ని పట్టుకునే గ్రాహకం పేరు డెక్టిన్-1. అది బీటా-గ్లూకాన్‌నే గుర్తుపడుతుందని 2001లో తేలింది. బూజు రోగాలు వచ్చినప్పుడు ఎదుర్కోవడానికి ఒంటికున్న ఏర్పాటు ఇది. తినే పుట్టగొడుగు రోగం తేకుండానే ఆ కాపలావాణ్ని ఒకసారి తట్టి లేపుతుంది. ఇంతవరకు శాస్త్రం గట్టిగానే ఉంది.

తట్టి లేపితే రోగాలు రావా? ఇక్కడ జాగ్రత్తగా అడుగెయ్యాలి. షిటాకే అనే జపాన్ పుట్టగొడుగును రోజూ 5 లేదా 10 గ్రాములు (ఎండినవి) నాలుగు వారాలు తినిపించిన పరీక్ష ఒకటి అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో జరిగింది. ఫలితాలు 2015లో వచ్చాయి. అందులో పాల్గొన్నది ఆరోగ్యంగా ఉన్న 52 మంది. వాళ్ల లాలాజలంలో కాపలా ఉండే ఐజీఏ అనే ప్రతిరక్షకం పెరిగింది, వాపును సూచించే సీఆర్‌పీ తగ్గింది. మంచి సంగతే. కాని రక్తపరీక్షలో అంకెలు మారడం వేరు, ఈ చలికాలం మీ ఇంట్లో ఎవరికీ దగ్గు రాకపోవడం వేరు.

జపాన్‌లో షిటాకే నుంచి తీసిన లెంటినాన్‌ను కడుపు క్యాన్సర్ రోగులకు, ట్రామెటెస్ అనే చెట్టు పుట్టగొడుగు నుంచి తీసిన పీఎస్‌కే మందును మరికొన్ని క్యాన్సర్లకు వాడారు. పీఎస్‌కేకి 1977లో, లెంటినాన్‌కు 1985లో అక్కడి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. రెండూ శుద్ధి చేసిన మందులు. కీమోథెరపీని ఆపి కాదు, దానికి తోడుగా ఆసుపత్రిలో ఇచ్చినవి. లెంటినాన్ అయితే సూదిమందు. ఆ చరిత్ర చూపించి మన దగ్గర పుట్టగొడుగు కలిపిన కాఫీ పొడి అమ్ముతారు.

ఇంకో మాట. "నాకు ఇమ్యూనిటీ తగ్గింది" అని ఎవరికి వాళ్లే చెప్పుకుంటున్నారు. మాటిమాటికి జ్వరం, మానని పుండు, ఊరికే అలసట ఉంటే ముందు షుగరు, రక్తహీనత చూపించుకోండి. దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించాలి. టీబీ పుట్టగొడుగులకు పోదు. పొడి తాగుతూ గడిపిన ప్రతి నెలా రోగానికి కలిసొస్తుంది.

ఏది ఎంచుకోవాలి

మన ఎండలకు, మన దగ్గర దొరికే వరిగడ్డికి రెండే సరిపోతాయి. వానాకాలం తగ్గినప్పటి నుంచి శివరాత్రి దాకా ముత్యపు చిప్ప, అంటే ఆయిస్టర్. ఎండలు మొదలైనాక పాల పుట్టగొడుగు, అంటే మిల్కీ. ఈ పాల పుట్టగొడుగు మన దేశపుదే. పశ్చిమ బెంగాల్‌లో దొరికినదాన్ని 1974లో శాస్త్రవేత్తలు వర్ణించి పేరు పెట్టారు. 30 నుంచి 35 డిగ్రీల వేడిని హాయిగా ఓర్చుకుంటుంది.

"ఇవి ఔషధ పుట్టగొడుగులు కావు కదా" అంటారేమో. బీటా-గ్లూకాన్ వీటిలోనూ ఉంటుంది. ఆయిస్టర్‌లోని బీటా-గ్లూకాన్‌కు ప్లూరాన్ అని ప్రత్యేకంగా పేరే ఉంది. దాన్ని వేరుచేసి ఐరోపాలో పిల్లల దగ్గు జలుబుల మీద పరీక్షలు కూడా చేశారు. ఔషధమని, కూరగాయని గీత గీసింది అంగడివాళ్లే.

బటన్ పుట్టగొడుగుకు చల్లటి గది, కుళ్లబెట్టిన కంపోస్టు కావాలి. మన కొట్టాల్లో అయ్యే పని కాదు, కొనుక్కోవడమే.

గట్టు మీద మొలిచినవాటి సంగతి

తొలకరికి ఉసుళ్లు లేచిన నాలుగు రోజులకు చెదపుట్టల దగ్గర గొడుగులు లేస్తాయి. పుట్టగొడుగు అన్న మాట పుట్టిందే అక్కడ. టెర్మిటోమైసెస్ అనే ఆ జాతిని పెంచేది చెదలే. పుట్ట లోపల అవి దాన్ని సాగు చేసుకుంటాయి, మనకు పైన గొడుగు కనబడుతుంది. రుచిలో దానికి సాటి లేదని మా నాయన అనేటోడు. లాగి చూస్తే కాడ కింద పొడుగాటి వేరు లాంటిది పుట్ట లోపలి దాకా దిగి ఉంటుంది.

ఇన్ని తెలిసీ నేను తెచ్చుకోను. అదే వానకు పెంటకుప్పల మీద, పచ్చిక బయళ్లలో గోధుమరంగు పొలుసులున్న తెల్ల కుక్కగొడుగు ఒకటి పెద్దగా లేస్తుంది. లేతగా ఉన్నప్పుడు దాని అడుగు రేకులు తెల్లగానే ఉంటాయి, ముదిరితే ఆకుపచ్చకు తిరుగుతాయి. తిన్న రెండు మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. అంతకన్నా చెడ్డవి అమనిటా జాతివి. వాటి విషం ఉడికించినా పోదు. తిన్న ఆరు నుంచి పన్నెండు గంటల దాకా, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా వాంతులు మొదలవుతాయి. మర్నాటికి తగ్గినట్టే కనబడుతుంది. ఆ తర్వాత కాలేయం పాడవుతుంది. వెండి నల్లబడకపోతే మంచివని, పురుగు కొరికితే మంచివని, ఉప్పు నీళ్లలో ఉడికిస్తే విషం దిగుతుందని చెప్పేవన్నీ ఉత్తమాటలు. ఎవరైనా తిని వాంతులు చేసుకుంటే 108కి ఫోన్ చేయండి. తినగా మిగిలినదాన్ని కాగితంలో చుట్టి ఆసుపత్రికి పట్టుకుపోండి. "వాంతులు తగ్గినయి" అని ఇంటికి తీసుకురావద్దు.

చింత, కానుగ, కొబ్బరి మొదళ్లలో చెక్కలాగా అరలు అరలుగా పెరిగేది గానోడెర్మా జాతి కావచ్చు. చెట్టును చంపే తెగులది. దాన్ని గీకి కషాయం కాచమని సలహా ఇచ్చేవాళ్లు ఈ మధ్య బయల్దేరారు. గానోడెర్మాలో ఎన్నో జాతులున్నాయి. మందుల కోసం పెంచేదీ మీ కానుగ చెట్టు మీదిదీ ఒకటే అనుకోవడానికి ఆధారం లేదు.

పెంచడం

ఇద్దరు ముగ్గురున్న ఇంటికి ఐదు బెడ్లు, అంటే గడ్డి, విత్తనం నింపిన ఐదు సంచులు చాలు. ఒక్కో బెడ్డుకు కిలో ఎండు గడ్డి, నూట ఇరవై నుంచి నూట యాభై గ్రాముల విత్తనం పడుతుంది. రెండు నెలల్లో బెడ్డుకు అర కిలో నుంచి ముప్పావు కిలో దాకా దిగుబడి వస్తుంది. వారానికి రెండుసార్లు కూర వండుకునేంత అన్నమాట. మొదటిసారే యాభై బెడ్లు పెట్టి వ్యాపారం చేద్దామనుకునేవాళ్లకు నా మాట ఒకటే, ముందు ఐదు పెట్టండి.

విత్తనాన్ని స్పాన్ అంటారు. ఉడికించిన జొన్నల మీద పుట్టగొడుగు బూజును పాకించి తయారు చేస్తారు. జొన్నరొట్టె తినే పాలమూరోళ్లకు ఈ లెక్కన పుట్టగొడుగు చుట్టమే. ప్యాకెట్లో జొన్నలన్నిటినీ తెల్లటి అల్లిక పట్టుకొని ఉండాలి. ఎక్కడైనా పచ్చ, నలుపు, నారింజ మచ్చ కనబడినా, పులిసిన వాసన వచ్చినా తీసుకోవద్దు. మన నల్లగొండ, పాలమూరు వైపు కంపసాగర్, గడ్డిపల్లి, పాలెం, మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడగండి. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనూ అడగవచ్చు. ముందు ఫోన్ చేసి కనుక్కొని పోవడం మంచిది. మధ్యాహ్నం బస్సులో, కిటికీ పక్కన ఎండలో పెట్టుకొని తెచ్చిన విత్తనం సగం చచ్చిపోతుంది. తడి గుడ్డ చుట్టి, పొద్దున్నే తెచ్చుకోండి. మొదటి ఏడాది నా బెడ్లు మూడు పోయింది ఇట్లనే.

గడ్డి విషయంలోనే అసలు పని ఉంది. మిర్యాలగూడ, హాలియా ఆయకట్టులో కోత మిషను పోయినాక గడ్డిని తగలబెట్టేవాళ్లకు కొదవ లేదు, కాబట్టి దొరకడం కష్టం కాదు. మంచిది ఏరుకోవడమే కష్టం. బంగారు రంగులో, వానకు తడవకుండా, ఆ సంవత్సరపు పంటదై ఉండాలి. నల్లబడ్డది, ముక్క వాసన వేసేది వద్దు. ఇంకొకటి, ఆ మడికి చివర్లో ఏ మందులు కొట్టారో అడగండి. పుట్టగొడుగు కింది నుంచి దొరికినదాన్నల్లా పీల్చుకునే రకం. కాడ్మియం లాంటి లోహాలను కూడా పోగుచేసుకుంటుంది. ఆరోగ్యం కోసం తినేదాన్ని మందు కొట్టిన గడ్డి మీద పెంచితే ఏం లాభం?

గడ్డిని రెండంగుళాల ముక్కలుగా నరికి, గోనె సంచిలో నింపి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టండి. గడ్డి తేలుతుంది, పైన రాయి పెట్టాలి. తెల్లారి ఆ నీళ్లు వార్చి, డ్రమ్ములో వేరే నీళ్లు కాగబెట్టి ఆ సంచిని ముంచండి. నీళ్లు తెర్లనక్కరలేదు. అడుగు నుంచి సన్న బుడగలు లేస్తూ, చెయ్యి పెట్టలేనంత వేడి, అంటే ఎనభై డిగ్రీల దగ్గర, గంటసేపు ఉండాలి. చాలాచోట్ల కాగబెట్టే బదులు కార్బెండజిమ్ (బూజును చంపే మందు), ఫార్మాలిన్ కలిపిన నీళ్లలో నానబెట్టమని నేర్పుతారు. కట్టెల ఖర్చు తప్పుతుంది, నిజమే. కాని ఇంటి వాడకానికి ఐదు బెడ్లు పెట్టుకునేవాళ్లకు ఆ రెండు మందులతో పని లేదు.

ఇప్పుడు గడ్డిని శుభ్రమైన గుడ్డ మీద నీడన ఆరబెట్టాలి. ఎంత సేపు అని అడగొద్దు, పిడికిలే చెప్తుంది. గుప్పెడు తీసుకొని గట్టిగా పిండితే చుక్క కారొద్దు, చెయ్యి విప్పితే అరచేయి తడిగా మెరవాలి. ఎక్కువ తడి ఉంటే కుళ్లుతుంది, తక్కువైతే అల్లిక పాకదు. పెంచడంలో పోయేవాళ్లలో ఎక్కువ మంది ఇక్కడే పోతారు. నేనూ ఒకప్పుడు తొందరపడి చెమ్మ గడ్డి నింపితే, సంచి అడుగున నీళ్లు నిలిచి పేడ వాసన కొట్టింది.

చేతులు సబ్బుతో కడుక్కోండి. ఫ్యాను ఆపండి. ఆ గంట ఎవరూ ఇల్లు ఊడవొద్దు. అడుగు పొడవు, అడుగున్నర ఎత్తుండే మందపాటి కవరులో నాలుగు వేళ్ల మందం గడ్డి వేసి, చేత్తో అదిమి, అంచు చుట్టూ విత్తనం చల్లాలి. మళ్లీ గడ్డి, మళ్లీ విత్తనం. అట్ల నాలుగైదు వరసలు. పైన ఆఖరి వరస విత్తనానిది. మూతి బిగించి కట్టి, దబ్బనంతో చుట్టూ పదిహేను ఇరవై బొక్కలు పొడవండి. చీకటి మూలన, ఇరవై ఐదు డిగ్రీల దరిదాపుల్లో ఉండే చోట పెట్టి మరిచిపోండి. రెండు మూడు వారాల్లో సంచి మొత్తం పత్తి పరుపు లెక్క తెల్లగా అవుతుంది.

మధ్యలో ఎక్కడైనా ఆకుపచ్చ బూజు లేస్తే ఆ బెడ్డు ఎంత ప్రేమతో చేసినా సరే బయటకు తీసి దూరంగా పూడ్చెయ్యాలి. మచ్చ వరకు గీకేసి మిగతాది ఉంచుకుందామంటే పక్కవాటికీ పాకుతుంది.

తెల్లబడినాక కవరును నాలుగు చోట్ల కోసి, వెలుతురు, గాలి ఉండే చోటికి మార్చండి. పేపర్ చదువుకునేంత వెలుగు చాలు. గాలి ఆడకపోతే కాడలు సాగి, గొడుగులు బొత్తాలంత అవుతాయి. ఇక్కడ నుంచి తేమే ప్రాణం. మన తూర్పు గాలికి సాయంత్రానికి పెదవులే పగులుతాయి, పుట్టగొడుగు మొలకలెంత? కింద ఇసుక పరిచి తడపండి, చుట్టూ తడి గోనె సంచులు వేలాడదీయండి, రోజుకు రెండు మూడుసార్లు సన్నగా నీళ్లు చిలకరించండి. చిలకరించేది చుట్టుపక్కల, మొలకల నెత్తిన కాదు. నాలుగైదు రోజులకు ఆవగింజంత మొలకలు, ఆ మూడో రోజుకు అరచేతి అంత గొడుగులు వస్తాయి. అంచులు పైకి తిరగకముందే గుత్తి మొదట్లో పట్టి తిప్పి తీసేయాలి. ముదిరితే బీజరేణువులు పొగలాగా రాలతాయి. ఆ దుమ్ము రోజూ పీల్చేవాళ్లకు ఊపిరితిత్తుల్లో అలర్జీ, జ్వరం, ఆయాసం వస్తాయి. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ కొట్టంలోకే పోవద్దు. మిగతావాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. రోగనిరోధక శక్తి కోసం మొదలుపెట్టి దగ్గు తెచ్చుకోవద్దు కదా.

వారం పది రోజులకు రెండో కాపు, మళ్లీ మూడోది. ఆ తర్వాత గడ్డి ఎరువు గుంతకు.

పాల పుట్టగొడుగుకు ఇదే పద్ధతి, ఒక్క తేడా. తెల్లబడినాక సంచి పై భాగం కోసి, ఆవిరి పట్టించిన తోట మట్టి, ఇసుక, కొంచెం సుద్దపొడి కలిపి అంగుళం మందం పరవాలి. ఆ మట్టి ఎండకుండా చూసుకుంటే పది పన్నెండు రోజులకు మొలుస్తుంది. ఎండ 44 దాటే మే నెలలో అది కూడా చేతులెత్తేస్తుంది, ఆ నెల మానుకోండి.

కోసినాక: గంట ఎండ

పుట్టగొడుగులో ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. దానికి ఎండలోని అతినీలలోహిత కిరణం తగిలితే విటమిన్ డి2గా మారుతుంది. కోసినవాటిని ముక్కలు చేసి, అడుగు రేకులు పైకి పెట్టి, పదకొండు నుంచి రెండు గంటల నడుమ అరగంట నుంచి గంట ఎండలో ఉంచితే వంద గ్రాములకు పది మైక్రోగ్రాముల దాకా, ఒక్కోసారి ఎక్కువే, వస్తుంది. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది పదిహేను. డి విటమిన్‌కు రోగనిరోధక శక్తితో సంబంధం ఉంది. ఇంత ఎండున్న మన ఊళ్లలో డి విటమిన్ తక్కువైనవాళ్లు ఇంటికొకరున్నారు. గాజు కిటికీ వెనక పెడితే పని చెయ్యదు. డి2 కన్నా డి3 ఒంట్లో ఎక్కువ రోజులు నిలుస్తుంది, కాబట్టి డాక్టరు గోలీలు రాసి ఉంటే ఇవి చూసుకొని వాటిని ఆపొద్దు.

మిగిలినవి రెండు రోజులు పలచటి గుడ్డ కప్పి ఎండబెట్టి, విరిస్తే పుటుక్కుమనాలి. పది కిలోలకు ఒక కిలో అవుతుంది. గాజు సీసాలో పెట్టండి. మెత్తబడితే మళ్లీ ఎండకు పెట్టాలి. బూజు పడితే పారెయ్యడమే.

వండటం

పచ్చిగా తినొద్దు. కైటిన్ గోడ ఉడకందే లోపలిది ఒంటికి అందదు. పచ్చి షిటాకే తిన్న కొందరికి ఒంటి నిండా కొరడాతో కొట్టినట్టు దద్దులు లేస్తాయి, జపాన్ డాక్టర్లు 1977లోనే రాశారు. కనీసం పదిహేను నిమిషాలు ఉడకాలి.

మా ఇంట్లో పుంటికూరతో వండుతాం. గంజులో నూనె, జీలకర్ర, ఎల్లిగడ్డ, ఉల్లిగడ్డ, కల్యామాకు, పచ్చిమిరప వేసి, చీల్చిన పుట్టగొడుగులు వెయ్యాలి. ఉప్పు, పసుపు చల్లి మూత పెట్టండి. నీళ్లు పొయ్యొద్దు, వాటిలోనే తొంభై పాళ్లు నీళ్లు. ఊరిన ఆ నీళ్లను చాలామంది పారబోస్తారు, కరిగిన బీటా-గ్లూకాన్ కొంత దాంట్లోనే ఉంటుంది. సగం ఇంకినాక కడిగిన పుంటికూర గుప్పెడు, కారం, ఆఖరున దంచిన నువ్వులు. జొన్నరొట్టెతో తింటే వేరే చెప్పనక్కరలేదు. మా అత్తమ్మ కూడా ఇట్ల వండినాకనే దిగివచ్చింది.

"మాంసంతో సమానం" అంటారు. తాజా పుట్టగొడుగులో వందకు మూడు గ్రాముల మాంసకృత్తులు, కోడికూరలో ఇరవైకి పైన. పప్పు మానొద్దు.

మొదటిసారి తినేవాళ్లు రెండు మూడు ముక్కలతో మొదలుపెట్టి ఒక రోజు ఆగండి. గౌటు ఉన్నవాళ్లు తక్కువగా, కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించుకోమన్నవాళ్లు డాక్టర్ని అడిగి తినాలి.

కొనే పొడులు: సీసాను ఇంట్లోనే పరీక్షించడం

ఇంత చెప్పినా కొందరు కొంటారు. కొనేటప్పుడు చేసేవి చెప్తాను.

మొదట లేబుల్. ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఇచ్చే పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉందా? న్యూట్రాస్యూటికల్ (తిండికి తోడుగా వేసుకునేది) అని అమ్మేదాని మీద "ఔషధంగా వాడటానికి కాదు" అన్న అర్థంతో రాసి ఉండాలి. ఆ సీసా పట్టుకొనే ఇది క్యాన్సర్ తగ్గిస్తుందని నోటితో చెప్తుంటే, సీసా మీద రాసింది నమ్మండి. "పాలీశాకరైడ్లు (చక్కెర గొలుసులు) 40 శాతం" అన్న అంకెకు విలువ లేదు. బియ్యప్పిండి కూడా పాలీశాకరైడే. బీటా-గ్లూకాన్ ఎంతో విడిగా రాసి ఉండాలి. పండిన పుట్టగొడుగు నుంచి తీశారా, లేక గింజల మీద బూజును పాకించి గింజలతో సహా పొడి కొట్టారా అన్నది కూడా చూడాలి.

ఈ ఆఖరి దాన్ని పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. చెంచా పొడిని గ్లాసు నీళ్లలో ఐదు నిమిషాలు మరగబెట్టి పూర్తిగా చల్లారనివ్వండి, వేడి మీద రంగు నిలవదు. పైన తేరిన నీళ్లు ఒక గిన్నెలోకి వంచి, పుండ్లకు రాసే అయోడిన్ మందు రెండు మూడు చుక్కలు వెయ్యండి. నీలి నలుపుకు తిరిగితే అందులో గింజల పిండి దండిగా ఉన్నట్టు. పోల్చుకోవడానికి పక్కన గోధుమ పిండితో కూడా అట్లనే చెయ్యండి. రెండూ పారబొయ్యండి, ఆ గిన్నెలు శుభ్రంగా తోమండి. మా అత్తమ్మ సీసాలో మిగిలిన గోలీలు విప్పి ఇట్ల చేస్తే సిరా లెక్క అయింది. అయితే ఆమె చిగుళ్లకు కారణం ఆ గోలీలే అని నేను రుజువు చెయ్యలేను. ఆపినాక తగ్గింది, అంతే. అసలైన గానోడెర్మా నాలుక మీద బాగా చేదుగా ఉంటుంది. చేదు లేనిదాన్ని అనుమానించండి.

గానోడెర్మాను క్యాన్సర్ రోగులకు ఇచ్చిన పరీక్షలన్నిటినీ కూడగట్టి కోక్రేన్ సంస్థ చేసిన సమీక్ష 2016లో తాజాపరిచారు. లెక్కకు నిలిచినవి ఐదు పరీక్షలు, 373 మంది రోగులు. అసలు చికిత్సగా వాడటానికి ఆధారం చాలదని, చికిత్సకు తోడుగా ఆలోచించవచ్చని తేల్చారు. ఈ రెండు ముక్కల్లో మొదటిది అమ్మేవాళ్ల నోట వినబడదు.

కషాయం కాచేవాళ్లకు, ముఖ్యంగా నల్లగొండలో

గానోడెర్మా చెక్క నమలడానికి రాదు, అందుకే మరగబెడతారు. నాలుగు గ్లాసులు రెండయ్యేదాకా అని చెప్తారు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న మన దగ్గర ఇక్కడ ఒక మెలిక ఉంది. నీళ్లు మరిగితే ఫ్లోరైడ్ ఆవిరైపోదు, మిగిలిన నీళ్లలో చిక్కబడుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు సగానికి మరిగితే మూడు అవుతుంది. ఒకటిన్నరే తాగడానికి ఆఖరి హద్దు. ఫిటికరి, సున్నంతో ఫ్లోరైడ్ తీసే విధానానికి నల్లగొండ పద్ధతి అని పేరు ఊరికే రాలేదు. ఏ కషాయమైనా సరే బోరు నీళ్లతో కాచొద్దు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు గాని, శుద్ధి చేసినవి గాని వాడండి.

ఎవరు పొడుల జోలికి పోవద్దు

రక్తం పలచబడే వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వేసుకునేవాళ్లు. కిడ్నీ, కాలేయం మార్పిడి అయినవాళ్లు, వాళ్లకు రోగనిరోధక శక్తిని అణిచే మందులే ప్రాణాధారం. కీళ్లవాతం, లూపస్ లాంటివి ఉన్నవాళ్లు, ఎందుకంటే ఒంటి సైన్యం ఒంటి మీదే తిరగబడ్డ రోగాలవి. దాన్ని ఇంకా రెచ్చగొట్టడం ఎందుకు? గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు. ఆపరేషన్‌కు రెండు వారాల ముందు ఎవరైనా ఆపాలి. గానోడెర్మా పొడితో కాలేయం దెబ్బతిన్న రోగులు, చాగా అనే మరో చెట్టు పుట్టగొడుగు పొడి ఎక్కువ రోజులు తాగి ఆక్సలేట్లతో కిడ్నీలు పోగొట్టుకున్న రోగులు వైద్య పత్రికలకెక్కారు. షుగరు మందులు వేసుకునేవాళ్లు మొదలుపెట్టే ముందు డాక్టరుకు సీసా చూపించాలి. పేరు చెప్పడం కాదు, సీసానే పట్టుకుపోవాలి.

ఇది పొడుల మాట. వండిన కూర వీళ్లలో ఎక్కువ మంది మామూలుగా తినవచ్చు. మార్పిడి అయినవాళ్లు, కీమో నడుస్తున్నవాళ్లు మాత్రం బూజు పెరిగే ఆ కొట్టంలో అడుగు పెట్టకూడదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

దసరాకు బెడ్లు కట్టుకుంటే దీపావళి పోయిన వారం పది రోజుల్లోపు మొదటి కాపు. అందుకని వినాయక చవితి పోగానే విత్తనానికి ఫోన్ చేసి పెట్టుకోండి, సీజన్లో అందరూ ఒక్కసారే అడుగుతారు. గడ్డి అయితే యాసంగి కోతల్లోనే ఐదు కట్టలు అడిగి, కొట్టంలో అటక మీద, వాన తగలని చోట వేసి ఉంచండి. పక్కింటి బర్రెకు కనబడకుండా.